పలకని చిప్పు

నాకు దేవుడంటే భక్తి, భార్యంటే భయం, కరెంటంటే రెండూ. అందుకే గురువారం పదకొండూ యాభైకి, దాసప్ప బోరు షెడ్డులో గోడకున్న స్టార్టరు బోర్డుకు నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయి చేతులు కట్టుకున్నాను.

"దగ్గిరికొచ్చి సూడప్పా. ఏం గాదు. లైన్‌మ్యాన్ సోమవారమే కరెంటు కంబం మింద తీగ ఇప్పేసినాడు," అంది నారాయణమ్మ.

"ఫరవాలేదమ్మా. నాది దూరదృష్టి," అన్నాను.

ఆమె నవ్వలేదు. మొగుడు పోయి మూడు రోజులైన మనిషి ముందు నా నోరు ఎందుకట్లా జారుతుందో నాకే తెలియదు. భయమేస్తే కొందరికి చెమట పడుతుంది, నాకు శ్లేష పడుతుంది. ఇరవై రెండేళ్లుగా మదనపల్లెలో ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తున్నాను. తప్పిపోయినవాళ్లను వెతికాను, తప్పించుకున్నవాళ్లను పట్టుకున్నాను, తప్పు చేసినవాళ్ల చేత తప్పయిందనిపించాను. చావు కేసు మాత్రం ఇదే మొదటిది. 'దేవేంద్రా, ఇది నీ వల్ల కాదు, వెనక్కి పోరా' అని పొద్దున్నుంచీ నాకు నేనే చెప్పుకుంటున్నాను.

పోలీసులు రాసుకున్నది ఇంతే. సోమవారం పదీ నలభైకి అరవై రెండేళ్ల దాసప్ప తన బోరు మూతి దగ్గర కూర్చుని, మోటరుకు పోయే కేబుల్ అతుకు విప్పి కొత్త టేపు చుడుతున్నాడు. మోటరు దానంతటది స్టార్టయింది. రాగి తీగలు చేతిలో ఉండగానే ప్రాణం పోయింది. తప్పంతా బోర్డుకు తగిలించిన మొబైల్ స్టార్టర్ డబ్బాది.

ఇంట్లో మంచం మీద నుంచి మిస్డ్ కాల్ ఇస్తే పొలంలో మోటరు తిప్పే డబ్బా అది. దాన్ని తయారు చేసింది పుంగనూరులో ఒంటిగది దుకాణం నడిపే మునీశ్వరి, ఇరవై ఏడేళ్ల పిల్ల. ఆమే నా క్లయింటు. ఆమె డబ్బాల్లోని చిప్పు ఆఖరి ఇరవై స్టార్టుల లెక్క దాచుకుంటుంది. కాల్ వస్తే ఏ నంబరు, ఎన్ని గంటలు అని. కాల్ రాకుండా ఎవరైనా బోర్డు మీది పచ్చ బటన్ నొక్కితే 'చేయి' అని. సోమవారం పదీ నలభైకి ఎదురుగా ఏముందో ఈ సాయంత్రం నాలుగింటికల్లా చూపించాలి. చూపించకపోతే ఎస్.ఐ. ఉషా ఆ పిల్లను అరెస్టు చేస్తుంది. నిన్న డబ్బాను నా చేతిలో పెడుతూ ఉషా చెప్పేసింది: "నాలుగంటే నాలుగే దేవేంద్రా. నాలుగూ అయిదంటే నీకూ లోపల చాప వేయిస్తా."

వచ్చే సోమవారం దాసప్ప కుప్పం కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి ఉందన్న సంగతి మాత్రం ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. నిరుడు అక్కడి ఒక గ్రానైట్ క్వారీలో బండ జారి ఇద్దరు కూలీలు నలిగిపోయారు. వద్దన్నా వినకుండా వాళ్లను బండ కిందికి తోలింది ఎవరో చూసినవాడు, ఆ రోజు కాపలా ఉన్న దాసప్ప ఒక్కడే.

నేను ధైర్యం చేసి ఇంకో అడుగు ముందుకు వేశాను. బోర్డు మీద మూడు పింగాణీ ఫీజులు వరసగా దిగి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. ఫీజులు దిగే గూళ్ల పక్కన లైన్‌మ్యాన్ పెయింటు చుక్కలు: ఎరుపు, పసుపు, నీలం. ఫీజుల దారాలు: ఎరుపు, నీలం, పసుపు.

"ఈ దారాలు ఎవరు కట్టారమ్మా?"

"ఆయప్పే. దేంది దానికే పెట్టాలంటాడు. మారితే మోటరు ఎనక్కి తిరుగుతాదంట."

"తిరుగుతుందా?"

"ఏమో. మాకు యానాడూ మారలేదు."

"ఎన్నేళ్లుగా?"

"బోరు ఏసినప్పట్నించి. పదకొండేండ్లు."

"సోమవారం ఆయన ఫీజులు పీకనే లేదని పోలీసులకు చెప్పారు."

"అవును. పీకలేదు." ఆమె చేతులు కొంగును మెలిపెడుతున్నాయి.

"పీకకపోతే ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉండాలి. నీలం గూట్లో నీలం, పసుపు గూట్లో పసుపు. ఇటు చూడండమ్మా. ఇవి పీకారు. పీకి మళ్లీ పెట్టారు. పెట్టిన చెయ్యి మీ ఆయనది కాదు."

నారాయణమ్మ బోర్డు వైపు చూసింది. దారాలు చూసింది. తర్వాత అట్లాగే గోడకు జారి కూర్చుంది.

"నేనే సంపినానప్పా," అంది.

"ఏమంటున్నారు?"

"కేబులు మింద చెయ్యి పెట్టాలంటే మూడు ఫీజులూ పీకి నా ఒడిలో ఏస్తాడు. ఆయప్ప వచ్చి అడిగిందాకా నేను లేసేది లేదు. నేల మింద పెడితే యారన్నా తెలీక తగిలిచ్చేస్తారని. ఒగసారి మూడు గంటలు కూసున్యాను. కాళ్లు తిమ్మిరెక్కి ఏడ్సినాను గానీ లేసింది లేదు."

"సోమవారం కూడా కూర్చున్నారు."

"పది గంటల బస్సు పోయినంక ఈడే, ఈ గడప మింద కూసుంటి. పదిన్నరకు ఒగప్ప వచ్చినాడు. మూతికి మాస్కు. ఇన్‌షర్టు. ఆఫీసరు మాదిరి ఉండాడు. 'అమ్మా, ఆ ఆవు మీదేనా? తాడు తెంపుకొని టమాటాలో పడిండాది' అన్న్యాడు. పూత మింద ఉండే తోటప్పా! లేస్తి. ఒడిలో ఫీజులు. యాడ పెట్టేది?" ఆమె రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది. "'రెండు నిమిసాలు ఇవి పట్టుకోప్పా, నేల మింద పెట్టగాకు, యారికీ ఈయగాకు' అని ఆయప్ప చేతిలో పెడితి. నా చేత్తోనే పెడితి."

"ఆవు?"

"గుంజకాడే ఉండాది. నెమరేస్తాండాది."

నేను షెడ్డు బయటికి వచ్చి అడుగులు లెక్కపెట్టాను. బోరు మూతి దాకా ముప్పై నాలుగు. నడుమ గోడ. అక్కడ కూర్చున్నవాడికి బోర్డు కనిపించదు, బోర్డు ముందు నిలబడ్డవాడు వాడికి కనిపించడు. మూడు ఫీజులు దింపి పచ్చ బటన్ నొక్కడానికి నిమిషం చాలు. ముప్పై నాలుగో అడుగు దగ్గర నేల ఇంకా నల్లగానే ఉంది.

వెనక్కి వచ్చి, "కళ్లు చూస్తే గుర్తుపడతారా?" అని అడిగాను.

"కాట్లో పండబెట్టినా లేసి గుర్తుపడతా."

"అయితే ఈ మాట నేను చెప్పేదాకా ఇంకెవరికీ చెప్పొద్దు. ప్రాణం పోయినా సరే నోరు విప్పొద్దు."

ఆ సలహా నాకు నేనే ఇచ్చుకుని ఉంటే ఎంత బాగుండేది!

*

దాసప్ప పొలం నుంచి పుంగనూరుకు పద్నాలుగు కిలోమీటర్లు. ఒకటీ ఇరవై అయిదుకు దుకాణంలో అడుగు పెట్టేసరికి మునీశ్వరి కంప్యూటరు ముందు బిగుసుకుపోయి కూర్చుని ఉంది. గడప పక్కన ఆమె చేసిన డబ్బాలు మూడు పగిలిపోయి పడి ఉన్నాయి.

"పొద్దున ముగ్గురు రైతులొచ్చి బోర్ల కాడ పీకి తెచ్చి ఈడ పారేసి పోయినారప్పా. ఇంకా నూట నలభై డబ్బాలు పొలాల్లో ఉండాయి," అంది. "ఒక్కోటి కాల్ వచ్చినా రాకపోయినా తిరుగుతాదేమో, ఇంకో మనిసి పోతాడేమో అని రాత్రంతా నిద్ర లేదు."

"చిప్పు ఏమంటోంది?"

"అనదే! అదే కదా రోగం."

బల్ల మీద అరచేతిలో పట్టేంత సర్క్యూట్ బోర్డు. దాని మీద ఆకుపచ్చ సాకెట్, సాకెట్ పక్కన చిన్న మీట. దాన్ని ప్రోగ్రామర్ అంటారట. చిప్పులోకి రాత ఎక్కించేదీ అదే, చిప్పు రాత చదివేదీ అదే. మన బ్రహ్మదేవుడికి తీగలు తగిలించినట్టు. సాకెట్లో ఇరవై ఎనిమిది కాళ్లతో నల్ల జెర్రిలాంటి చిప్పు. కంప్యూటరు తెర మీద ఎర్ర అక్షరాలు. వాటి అర్థం ఒకటే: చిప్పు కనబడలేదు.

"సాకెట్లో ఉన్నది కనబడలేదంటుందేంటమ్మా? ఇది ప్రోగ్రామరా, ప్రభుత్వమా?"

"నిన్న సాయంత్రం నించి ఇదే పాట."

"ఈ చిప్పు పలక్కపోతే మనిద్దరికీ మిగిలేది చిప్పే," అన్నాను. ఆమె పెదవి అదిరింది. నవ్వుకు కాదు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "సరే. నాకు సాల్డరింగు తెలియదు గానీ విచారణ తెలుసు. ఒకేసారి నలుగురిని అనుమానించకూడదు. ఒక్కణ్ణే మార్చాలి, మిగతావాళ్లను కదపకూడదు. మొదటి అనుమానితుడు ఎవరు?"

"వైరు." ఆమె తెల్లటి వైరు చూపించింది. "మొదట ఇది పెట్టినా. ఇది వట్టి ఛార్జింగు వైరు, మాటలు మోసే తీగ లోపల లేదు. ఈ నల్లది మార్చినంక ప్రోగ్రామరు కంప్యూటరుకు కనబడింది. చిప్పు కనబడలా."

"వైరుకు బెయిలు. తర్వాత?"

"చిప్పు తిరగబడిందేమో అనుకుంటి. ఇదో, ఈ అరచందమామ గాటు మీట పక్క ఉండాల. సరిగ్గానే ఉండాది. కాళ్లు మసి పట్టినాయేమో అని రబ్బరుతో రుద్దినా. కరెంటు చాలడంలేదేమో అని మీటరు పెట్టినా. అయిదు వోల్టులకు రవ్వ తక్కువ, చాలినంత ఉండాది."

"సాకెట్టే అబద్ధాలకోరు అయితే?"

ఆమె సొరుగులోంచి కొత్త చిప్పు తీసి, పాతదాని చోట పెట్టి, మీట వంచింది. మరుక్షణం తెర మీద పచ్చ అక్షరాలు వచ్చాయి. కొత్త చిప్పు కనబడింది. మళ్లీ పాతది పెట్టింది. ఎరుపు.

"సాక్షులందరూ నిజమే చెబుతున్నారు. ముద్దాయి ఒక్కడే నోరు విప్పడం లేదు," అన్నాను. "కాలిపోయిందా?"

"కాలిపోయింటే సాకెట్లో పెట్టంగానే వేడెక్కల్ల, లేదా మీటరు ముల్లు కింద పడల్ల. రెండూ లేదు. ఇది సావలేదప్పా. బతికే ఉండాది, పలకడం లేదు." ఆమె అరచేతులతో మొహం కప్పుకుంది. "నిజం చెప్పప్పా. నా డబ్బానే ఆయప్పను సంపిందేమో కదా? పలికితే ఆ మాటే చెప్తాదేమో."

నారాయణమ్మ చెప్పింది ఆమెకు చెప్పాను. ఆమె మొహం మీంచి చేతులు తీసింది. తర్వాత మెల్లగా, "అయితే చిప్పులో 'చేయి' అని ఉండాల," అంది.

"ఉండాలి. అది చూపిస్తే నాలుగింటికి నువ్వు ఇంటికి, నేను నిద్రకు."

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. టైము రెండూ ఇరవై.

"చూపించేందుకేమైనా మిగిలుంటే కదా దేవేంద్రగారూ!"

భీమరావు. దాసప్ప ప్రమాద బీమా విషయం విచారించడానికి బీమా కంపెనీ పంపిన మనిషి. ఊరు కుప్పం. ఇస్త్రీ మడత నలగని చొక్కా, వీసమెత్తు తడబడని మాట. మూడేళ్లలో రెండు కేసుల్లో నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన ఘనుడు. నా ఫోనులో అతని పేరు 'బీమా భీమరావు' అని రాసుకున్నాను. ఇంకో పేరు కూడా ఉంది గానీ అది అచ్చుకు పనికిరాదు.

"రండి భీమరావుగారూ. బీమా వాళ్లు వచ్చారంటే ఇక ధీమాగా ఉండొచ్చు," అన్నాను.

"మీ ధీమాకు నాలుగింటిదాకే గడువుందని విన్నాను." అతను డబ్బాల ముక్కలు దాటుకుంటూ వచ్చి, అడక్కుండానే స్టూలు మీద కూర్చున్నాడు. "అమ్మాయ్, ఎందుకు అవస్థ? డబ్బాలో షార్టయింది. చిప్పు కాలిపోయింది. దానంతటదే స్టార్టయిందనడానికి అంతకంటే రుజువేం కావాలి? ఒప్పుకుంటే నిర్లక్ష్యం కింద చిన్న శిక్షతో పోతుంది. నాలుగింటిదాకా నేనిక్కడే కూర్చుంటాను. ఎస్.ఐ. గారొచ్చాక కావాలంటే నేనే ఒక మాట చెబుతాను."

"చిప్పు కాలిపోలేదు సార్," అంది మునీశ్వరి.

"మరి మాట్లాడించు."

ఆమె మీట ఎత్తి మళ్లీ వంచింది. ఎరుపే. అతను కళ్లజోడు తీసి గుడ్డతో తుడవసాగాడు. "దేవేంద్రగారూ, మీరు గొప్ప హాస్యప్రియులు. కానీ హాస్యంతో కేసులు తేలవు. ఒక ముసలాయన అజాగ్రత్తగా ఫీజులు పీకకుండా తీగలు పట్టుకున్నాడు. ఒక పనికిమాలిన డబ్బా తిరిగింది. అంతే కథ."

పనికిమాలిన అన్నప్పుడు ఆ పిల్ల మొహం చూశాను. నా ఒళ్లు మండింది. ఒళ్లు మండితే నాకు బుర్ర పనిచేయదు, నోరొక్కటే పనిచేస్తుంది.

"పీకకుండానా? పీకాడు సార్! మూడూ పీకాడు. ఆ ఫీజులను తన చేత్తో ఒకడి చేతికిచ్చిన మనిషి నా దగ్గరుంది. కళ్లు చూస్తే గుర్తుపడతానంటోంది. మీ కథకు ఫీజు ఎగిరిపోయింది భీమరావుగారూ!"

కళ్లజోడు తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ తుడిచి, పెట్టుకుని, లేచాడు.

"మంచిదే. ఎస్.ఐ. గారికి చెప్పండి," అన్నాడు. "నాకు వేరే పని ఉంది. వస్తాను."

కారు కదిలిన శబ్దం వినిపించింది. రెండూ ముప్పై అయిదు. నేను గెలిచినవాడిలా మీసం మీద చెయ్యి వేశాను. మునీశ్వరి మాత్రం నన్నే చూస్తోంది.

"ఆ మాట యాల చెప్తివప్పా?"

"వాడి నోరు మూయించడానికి."

"మూయించినావా? నాలుగింటిదాకా కూసుంటానన్న మనిసి పావుగంటకే యాల లేసిపాయె?"

డబ్బాకు స్టేషను వాళ్లు తాడుతో కట్టిన అట్టముక్క చేతిలోకి తీసుకున్నాను. డబ్బా ఎవరి చేతుల్లోకి పోయిందో దాని మీద తేదీ, టైము, సంతకంతో ఉంది. సోమవారం పన్నెండూ పది, పొలం నుంచి స్టేషనుకు. మంగళవారం మూడూ పది, ఫోటోల కోసం భీమరావుకు. అయిదూ ఇరవైకి వాపసు. బుధవారం ఆరింటికి నాకు. అంతే.

"మునీశ్వరీ, వైరు మార్చావు, సాకెట్ పరీక్షించావు, కాళ్లు రుద్దావు. ఇన్ని మార్చినా మార్చనిది ఒకటుంది."

"ఏంది?"

"ఇది నీ చిప్పే అన్న నమ్మకం."

ఆమె చిప్పును సాకెట్లోంచి తీసి వెలుతురుకు పట్టింది. "అన్నీ ఒగే మాదిరి ఉంటాయప్పా. యా కంపెనీ డబ్బాలోనైనా ఈ రకమే ఏస్తారు." అని ఆగింది. కళ్లు చిన్నవయ్యాయి. "నాది కాకుంటే... దీనికి క్రిస్టల్ కావాలేమో!"

"అంటే?"

"చిప్పు పని చెయ్యాలంటే తాళం కావాల. భజనలో తాళం మాదిరి. నా చిప్పులకు తాళం లోపలే కొట్టుకునేట్టు పెడతా. పొలాల్లో వానకు, తేమకు క్రిస్టల్ కాళ్లు తుప్పు పడతాయని నేను క్రిస్టలే వాడను. పెద్ద కంపెనీలోళ్లు బయట క్రిస్టల్ పెట్టి దానితో కొట్టిస్తారు. అట్ల రాసిన చిప్పు బయట తాళం వినబడకుంటే నోరే తెరవదు. ఈ సాకెట్లో తాళమేసేది ఏదీ లేదు."

మాట్లాడుతూనే ఆమె అట్టపెట్టె బోర్లించింది. పాత బోర్డొకటి తీసి, దాని మీద వెండి గింజలా మెరుస్తున్న చిన్న బిళ్లను వేడి కడ్డీతో ఊడదీసింది. చిప్పును మళ్లీ సాకెట్లో బిగించి, ఆ బిళ్ల రెండు కాళ్లనూ చిప్పు తొమ్మిదో కాలికీ, పదో కాలికీ అతికించింది. రెండూ యాభై ఆరు.

"నొక్కప్పా. నా చేతికి చెమట."

నొక్కాను. తెర మీద పచ్చ అక్షరాలు.

చిప్పు పలికింది.

"మునీశ్వరీ, ఈ చిప్పును నీ డబ్బాలో పెడితే ఏమవుతుంది?"

"ఏం గాదు. నా బోర్డులో క్రిస్టల్ లేదు కదప్పా. ఇది దాంట్లో పీనుగ. మోటరు కాదు గదా, లైటు కూడా ఎలిగించలేదు."

"అంటే సోమవారం దాకా బాగా తిరిగిన డబ్బాలో ఉన్నది..."

"ఇది కాదు. నా చిప్పు పీకి, దీన్ని ఎనక పెట్టినారు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా డబ్బా ఆయప్పను సంపలేదు."

ఎందుకు మార్చారో అడగనక్కర్లేదు. ఆ పిల్ల చిప్పులో 'పదీ నలభై, చేయి' అని ఉంది కాబట్టి. ఎప్పుడు మార్చారో అట్టముక్కే చెబుతోంది. తెచ్చినవాడికి చిప్పంటే చిప్పే. అది పలకకపోతే కాలిపోయిందని లోకమే అనుకుంటుంది.

"దీంట్లో ఏముందో చదువు."

ఆమె వేళ్లు పరుగెత్తాయి. తెర మీద అంకెలు వరసలు కట్టాయి. "ఇది కూడా మోటరు స్టార్టరుదే అప్పా. యాడనో తోటలో తిరిగి వచ్చిండాది. స్టార్టు చెయ్యను పర్మిషన్ ఉండే నంబర్లు లోపలే మిగిలిపోయినాయి. చిప్పు పీకినా ఇవి చెరగవు, తెచ్చినోడికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. రెండుండాయి. మొదటిది చెప్తా, కొట్టు."

ఆమె చెబుతుంటే నా ఫోనులో ఒక్కో అంకె నొక్కాను. పదో అంకె పడగానే, డయల్ చేయకముందే, నంబరు కింద పేరు దానంతటదే వచ్చి నిలబడింది.

బీమా భీమరావు.

క్వారీ తరఫున బండ కిందికి కూలీలను తోలినవాడికి ఇతను ఏమవుతాడో నాకింకా తెలియదు. తెలిసింది ఒకటే. ఫీజులు చేతికిచ్చిన మనిషి నోరు విప్పిందని, కళ్లు గుర్తుపడతానంటోందని ఆ కళ్లకే చెప్పాను. పేరు చెప్పలేదు నిజమే. ఆ ఫీజులు తన చేతికెవరిచ్చారో అతనికి నేను చెప్పాలా?

ఎస్.ఐ.కి ఫోను చేశాను. మూడు ముక్కల్లో చెప్పాను. "నేను మదనపల్లెలో ఉన్నా. జీపు ఎంత తోలినా ముప్పావుగంట. నారాయణమ్మను ఇల్లు కదలొద్దను," అంది ఉషా.

మునీశ్వరి చిప్పును థర్మకోల్ ముక్కలో గుచ్చి సంచిలో వేసుకుంది. స్కూటీ తాళాలు తీసింది.

"నువ్వెక్కడికి? నాలుగింటికి నువ్వు ఇక్కడ లేకపోతే పారిపోయావంటారు," అన్నాను.

"అనుకోనీ. జైలుకు పోతే బతికే కదా ఉంటా. ఎక్కప్పా, బిన్నా!"

ఎక్కాను. జీవితంలో మొదటిసారి ఒక బండి వెనక కూర్చుని, మెల్లగా పొమ్మని అనలేదు. ఊరు దాటేలోగా నారాయణమ్మకు మూడుసార్లు ఫోను చేశాను. నాలుగోసారి ఎత్తింది.

"ఎక్కడున్నారమ్మా?"

"బోరు కాడప్పా. ఆయప్ప కూసున్న తావున దీపం పెడదామని వస్తి."

"పక్కనెవరున్నారు?"

"యారూ లేరు. అందురూ కోతకు పోయిండారు. ఏమప్పా, ఎగపోస్తాండావు?"

"ముందు అక్కడి నుంచి లేవండి. రోడ్డు వైపు కాదు. కోతకు పోయినవాళ్లు ఏ చేన్లో ఉంటే అటు నడవండి. ఫోను చెవి దగ్గరే పెట్టుకోండి."

"యాల? ఏమాయె?" అని, అంతలోనే, "ఉండప్పా. రోడ్డు మింద కారొకటి నిలిచింది," అంది.

మునీశ్వరి నా మాటల్లోనే విషయం పట్టుకుని బండి వేగం పెంచింది. గాలికి నా కళ్లలో నీళ్లు. అది గాలికే అని నాకు నేను చెప్పుకున్నాను.

"దిగినాడు," అంది నారాయణమ్మ. "గెనిమె గట్టు మింద నడిసొస్తాండాడు. మాస్కు లేదు ఈపొద్దు... అప్పా, కండ్లు అవే."

"పరిగెత్తమ్మా!"

ఏడుపు వినబడలేదు, పరుగు వినబడలేదు. ఆమె ఊపిరి మాత్రం వినబడుతోంది.

"కాళ్లు రాలేదప్పా," అంది. "నన్ను జూసి చెయ్యి ఊపతాండాడు, తెలిసినోడి మాదిరి."

ఏదో కింద పడ్డ శబ్దం. తర్వాత ఫోనులో ఒట్టి గాలి. నేను పిలుస్తూనే ఉన్నాను. రోడ్డు పక్కన వెనక్కి జారిపోయిన కిలోమీటరు రాయి మీద దాసప్ప ఊరి పేరు, దాని కింద అంకె: పదకొండు.